తుకతుక ఉడికే రగూ: నేపుల్స్ పద్ధతిలో ఇంట్లో బీఫ్ వండడం ఎలా

ఇటలీలోని నేపుల్స్ నగరంలో ఆదివారం మధ్యాహ్న భోజనానికి మాంసంతో వండే టమాటా సాసును రగూ అంటారు. అది పొయ్యి మీద ఉడికే తీరును చెప్పడానికి అక్కడి మాండలికంలో ‘పిప్పియారె’ అని ప్రత్యేకంగా ఒక క్రియాపదమే ఉంది. చిక్కటి గుజ్జు అడుగు నుంచి ఒక బుడగ నెమ్మదిగా పైకి వచ్చి, ‘పిప్’ మని పగిలి, కొంచెం ఆగి మరోచోట ఇంకో బుడగ లేవడం ఆ మాటకు అర్థం. ఈ తేడా పట్టుకోవడం తెలుగువారికి కష్టం కాదు. ఎసరు కుతకుత ఉడకడం వేరు, పులుసు తుకతుక ఉడకడం వేరు అని మన వంటిళ్ళలో ఎప్పటినుంచో అనుకుంటూనే ఉన్నాం. ఈ వంటలో దినుసులు తక్కువ, చేతిపని తక్కువ, మసాలా అసలే లేదు. నాలుగైదు గంటలపాటు గిన్నె తుకతుక దాటి కుతకుతలోకి పోకుండా కాచుకోవడమే మీరు చేయవలసిన అసలు పని.

రగూ అనగానే చాలామందికి ఖీమాతో చేసే బొలోన్యా రగూ గుర్తుకు వస్తుంది. అది ఉత్తర ఇటలీది. దాని వంట విధానాన్ని ఇటలీ పాకశాస్త్ర అకాడమీ 1982 అక్టోబరు 17న బొలోన్యా వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేయించింది. అందులో టమాటా కొద్దిగానే పడుతుంది, పాలు కూడా పోస్తారు. నేపుల్స్ రగూ దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇక్కడ మాంసాన్ని పెద్ద పెద్ద ముక్కలుగా వేసి, టమాటా గుజ్జులో గంటల తరబడి ఉడికించి, చివరికి ముక్కలను బయటకు తీసి, సాసును పాస్తాతో ముందుగా, మాంసాన్ని ఆ తరువాత విడిగా వడ్డిస్తారు. ఒక గిన్నెలోంచి రెండు వడ్డనలు వస్తాయన్నమాట. దీన్ని కాపలాదారుల రగూ అని కూడా అంటారు. పెద్ద భవనాల వాకిట రోజంతా కూర్చుని ఉండే కాపలాదారుకు తప్ప కుండను అంతసేపు కనిపెట్టుకుని ఉండే తీరిక ఇంకెవరికి ఉంటుందని ఆ పేరులోని చమత్కారం. నేపుల్స్‌లో చాలా ఇళ్ళలో బీఫ్‌తోపాటు పంది పక్కటెముకలు కూడా వేస్తారు. ఇక్కడ చెప్పేది బీఫ్ మాత్రమే వేసి వండే పద్ధతి.

మాంసం ఎంపిక

ఈ వంట రుచి సగం మాంసం దుకాణంలోనే తేలిపోతుంది. బాగా కష్టపడే కండరాలలో, అంటే భుజం, మెడ, రొమ్ము, కాలి పిక్కలలో, కండను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి కండ ముడుచుకుని, తనలోని నీటిని వదిలి గట్టిపడుతుంది. 70 డిగ్రీలు దాటిన తరువాత కొల్లాజెన్ నెమ్మదిగా కరిగి జెలటిన్‌గా మారడం మొదలవుతుంది. ఆ జెలటినే ఆరిపోయిన కండను మళ్ళీ మెత్తగా, జిగిగా చేస్తుంది, సాసుకు కూడా చిక్కదనం ఇస్తుంది. పాయా తాగినప్పుడు పెదవులు ఒకదానికొకటి అంటుకోవడానికి కారణం ఇదే పదార్థం. కాబట్టి ఖరీదైన మెత్తటి ముక్క ఇక్కడ పనికిరాదు. మొదటిసారి ఈ వంట చేసినప్పుడు మంచి మాంసం కదా అని నేను అండర్‌కట్ కొని తెచ్చాను. మూడు గంటల తరువాత గిన్నెలో దొరికింది నారలాంటి పోగులు మాత్రమే.

విదేశాలలో ఉన్నవారు చక్ రోస్ట్, షాంక్, షార్ట్ రిబ్స్ అనే పేర్లతో అమ్మే ముక్కలను అడగండి. రెండు రకాలు కలిపితే ఇంకా మంచిది. భుజం ముక్క తినడానికి బాగుంటుంది, ఎముకతో ఉన్న పిక్క ముక్క సాసుకు బలం ఇస్తుంది. హైదరాబాదులో కొనేవారు దస్తి, గర్దన్, సీనా అని అడిగితే దుకాణదారుకు అర్థమవుతుంది. వాటితోపాటు ఒక నల్లి ఎముక కూడా వేయించుకోండి. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం ఆవులనూ దూడలనూ వధించడం నిషిద్ధం కనుక తెలుగు రాష్ట్రాలలో పెద్దమాంసం, బడే కా గోష్ అనే పేర్లతో దొరికేది ఎక్కువగా బర్రె, దున్న మాంసమే. అది ఆవు జాతి మాంసం కన్నా రంగులో ముదురుగా, కొవ్వు తక్కువగా ఉంటుంది. ఉన్న కొవ్వు కూడా పసుపుగా కాక తెల్లగా ఉంటుంది. ఇక వయసు మీరిన పశువు మాంసంలో కొల్లాజెన్ గట్టిపడి ఉంటుంది కాబట్టి అది కరగడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. అలాంటి మాంసం దొరికినప్పుడు ఈ కింద చెప్పిన సమయాలకు కనీసం ఒక గంట, కొన్నిసార్లు రెండు గంటలు కలుపుకోండి. నూనె కూడా రెండు చెంచాలు ఎక్కువ పోయండి.

ముక్కలు చిన్నవిగా కొట్టించవద్దు. మన కూరలకు కొట్టించే అంగుళం ముక్కలు ఇంతసేపు ఉడికితే పీచుపీచుగా విడిపోయి సాసులో కలిసిపోతాయి. ఒక్కొక్కటి పావుకిలో తూగేలా, పిడికిలి కన్నా కొంచెం పెద్దవిగా ఉంచమని ముందే చెప్పండి. కత్తి ఆడించడానికి అలవాటుపడ్డ చేయి కాబట్టి దుకాణంలో రెండుసార్లు చెప్పవలసి రావచ్చు.

టమాటాల సంగతి

నేపుల్స్ పక్కనే ఉన్న వెసూవియస్ అగ్నిపర్వతపు నేలల్లో పండే శాన్ మర్జానో టమాటా పొడవుగా, కండ ఎక్కువగా, గింజలు తక్కువగా ఉంటుంది. ఆ ప్రాంతపు పంటకు 1996 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షిత గుర్తింపు ఉంది. ఆ ప్రాంతపు కుటుంబాలలో ఆగస్టులో టమాటాలు ఉడికించి, వడకట్టి, సీసాలలో పోసి ఏడాదికి సరిపడా నిలవ చేసుకునే ఆనవాయితీ ఉంది. ఇల్లంతా ఒకచోట చేరి చేసే ఆ పని చూస్తే మన ఎండాకాలపు ఆవకాయ రోజులు గుర్తుకు వస్తాయి. అలా వడకట్టిన గుజ్జును పస్సాతా అంటారు. విదేశాలలో అది సీసాలలో దొరుకుతుంది. దొరకకపోతే డబ్బాలలో వచ్చే పొట్టు తీసిన టమాటాలను చేత్తో చిదిమి, జల్లెడలో వేసి రుద్దండి. మిక్సీలో వేయకండి, గింజలు నలిగితే చేదు దిగుతుంది, గాలి చేరి గుజ్జు రంగు కూడా వెలిసిపోతుంది.

మన ఊళ్ళలో తాజా టమాటాలతోనే చేయాలంటే నాటు టమాటా కన్నా కోలగా ఉండి, కండ గట్టిగా ఉన్న హైబ్రిడ్ రకం మేలు. నాటు టమాటా చారుకు, పప్పుకు బాగుంటుంది కానీ దానిలో నీరూ పులుపూ ఎక్కువ. అయిదు గంటలు ఇగిరిన తరువాత ఆ పులుపు నాలుకను కోస్తుంది. మదనపల్లె మార్కెట్‌కు సరుకు వెల్లువెత్తి ధర పడిపోయే రోజులలో రెండున్నర కిలోలు కొని, బాగా ఎర్రగా పండేదాకా రెండు రోజులు గది వేడిలోనే ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే రుచి చచ్చిపోతుంది. తరువాత నాలుగేసి ముక్కలుగా కోసి, నీళ్ళు పోయకుండా ఇరవై నిమిషాలు మగ్గబెట్టి, జల్లెడలో వేసి రుద్దితే సుమారు కిలోన్నర గుజ్జు వస్తుంది.

టమాటా పేస్టు కూడా కావాలి. ఇక్కడ పేర్ల వల్ల పొరపాటు జరుగుతుంటుంది కాబట్టి చెబుతున్నాను: మన దుకాణాలలో టమాటా సాస్ అని అడిగితే ఇచ్చేది చక్కెర, వెనిగర్, మసాలా కలిసిన కెచప్. అది దీనికి ఏమాత్రం పనికిరాదు. చిన్న అట్టపెట్టెలలో వచ్చే ప్యూరీ కొంతవరకు పనికివస్తుంది కానీ పేస్టంత చిక్కగా ఉండదు; అది మాత్రమే దొరికితే రెట్టింపు పరిమాణం తీసుకుని, వేయించే సమయం కూడా పెంచండి.

గిన్నె, కొలతలు

నేపుల్స్‌లో పాతకాలపు ఇళ్ళలో దీన్ని వెడల్పాటి మట్టిపాత్రలో వండేవారు. చేపల పులుసుకు మట్టిసట్టి ఎందుకు మంచిదో దీనికీ అందుకే మంచిది. వేడిని నెమ్మదిగా తీసుకుని, నెమ్మదిగా, సమంగా వదులుతుంది. మందపాటి అడుగు ఉన్న స్టీలు గిన్నె గాని, ఎనామెల్ పూత ఉన్న పోత ఇనుప గిన్నె గాని వాడవచ్చు. పూత లేని ఇనుము, అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి పాత్రలను మాత్రం వాడకండి. టమాటా పులుపు లోహాన్ని తింటుంది, సాసుకు లోహపు వాసన పడుతుంది. గిన్నె పల్చగా ఉంటే, దమ్ బిరియానీకి పెట్టినట్టే, దాని కింద ఒక ఇనుప పెనం పెట్టండి. అడుగంటే భయం చాలావరకు పోతుంది.

ఆరుగురికి సరిపడేలా కొలతలు ఇవి. మాంసం కిలో రెండువందల గ్రాములు, నల్లి ఎముక ఒకటి, ఆలివ్ నూనె 80 మిల్లీలీటర్లు, ఉల్లిపాయలు 350 గ్రాములు, టమాటా పేస్టు 100 గ్రాములు, పస్సాతా గాని జల్లెడ పట్టిన గుజ్జు గాని కిలోన్నర, ఎర్ర వైను 200 మిల్లీలీటర్లు, నీళ్ళు 400 మిల్లీలీటర్లు, బేసిల్ ఆకులు ఒక గుప్పెడు, ఉప్పు. అంతే. అల్లంవెల్లుల్లి, ధనియాలపొడి, లవంగం వేయాలని చేయి లాగుతుంది, నాకు తెలుసు. ఆ చేతిని ఈ ఒక్కరోజు ఆపండి. నేపుల్స్ ఛాందసులైతే వెల్లుల్లిని కూడా ఒప్పుకోరు. బేసిల్ దొరకకపోతే మానేయండి గాని దానికి బదులు తులసి వేయకండి. రెండూ ఒకే కుటుంబానివే అయినా తులసి ఘాటు సాసంతటినీ కషాయం చేస్తుంది.

వైను విషయంలో ఒక మాట. గంటల తరబడి ఉడికినా ఆల్కహాలు నూటికి నూరుపాళ్ళు పోదు, కొద్దిపాటి అంశం మిగులుతుంది. మతాచారం వల్ల గాని, మరే కారణం వల్ల గాని వద్దనుకునేవారు దాన్ని పూర్తిగా మానేసి, అంతే పరిమాణంలో నల్లి ఎముక ఉడికించిన నీళ్ళు పోసి, చివరలో అర చెంచా వెనిగర్ కలిపితే సరిపోతుంది. రుచిలో తేడా ఉంటుంది కానీ లోపం కనిపించదు.

ముందురోజు రాత్రి

మాంసాన్ని కడిగే అలవాటు ఉన్నవారు ముందురోజే కడిగి, నీరంతా ఓడ్చి, శుభ్రమైన బట్టతో ఒత్తి తుడవండి. అన్ని వైపులా రెండు చెంచాల ఉప్పు రుద్ది, మూత లేకుండా ఫ్రిజ్‌లో అడుగు అరలో ఉంచండి. రాత్రంతా ఉంటే ఉప్పు లోపలికి దిగుతుంది, పైభాగం ఆరుతుంది. పైభాగం ఆరడం ఎందుకంత ముఖ్యమంటే, మాంసం ఎర్రగా వేగి సువాసన రావాలంటే దాని పైపొర 140 డిగ్రీలు దాటాలి. తడి ఉన్నంతసేపు అది 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మాంసం వేగదు, తన నీళ్ళలో తానే ఉడుకుతుంది. పసుపు రాయకండి.

వంట

వండడానికి ఒక గంట ముందు మాంసాన్ని బయట పెట్టండి. గిన్నెలో నూనె పోసి, మధ్యస్థమైన మంట మీద కాగనిచ్చి, ముక్కలను ఒకదానికొకటి తగలకుండా పరచండి. ఒకేసారి అన్నీ పట్టకపోతే రెండు విడతలుగా వేయించండి. వేసిన ముక్కను కదపకండి. అడుగు బాగా ఎర్రబడిన తరువాత అదే గిన్నెను వదులుతుంది. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాల చొప్పున అన్ని వైపులా వేగడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. నేపుల్స్ సంప్రదాయంలో మాంసం, ఉల్లిపాయలు కలిపే వేసి, కొద్దికొద్దిగా వైను చిలకరిస్తూ రెండు గంటలు వేయిస్తారు. అది అనుభవం ఉన్న చేతులకు చెల్లుతుంది. కొత్తవారు అలా చేస్తే ఉల్లిపాయ మాడి, మాంసం వేగకుండా మిగులుతుంది. అందువల్ల విడివిడిగా వేయించమనే నా సలహా. వేగిన ముక్కలను పళ్ళెంలోకి తీయండి, ఆ పళ్ళెంలో దిగే రసాన్ని పారబోయకండి.

ఇప్పుడు మంట తగ్గించి, సన్నగా తరిగిన ఉల్లిపాయలను, చిటికెడు ఉప్పును అదే నూనెలో వేయండి. ఉల్లిపాయ వదిలే నీటితోనే అడుగున అంటుకున్న మాంసపు ముద్ద కరిగి వస్తుంది. చెక్క గరిటెతో దాన్ని గీకి కలుపుతూ ఉండండి. ఈ దశలో తొందరపడకూడదు. కూరకు వేయించినట్టు అంచులు ఎర్రబడగానే ఆపితే చాలదు. ముప్పై అయిదు, నలభై నిమిషాలపాటు సన్నని సెగ మీద మగ్గి, వేళ్ళ మధ్య నలిపితే గుజ్జయిపోయేంత మెత్తబడాలి. దీనికి గట్టి కారణం ఉంది. కందిపప్పు ఉడకకముందే చింతపండు పులుసు పోస్తే ఆ పప్పు ఇక మెత్తబడదని మనకు తెలుసు. పులుపు తగిలితే కాయధాన్యాల, కూరగాయల కణాలను పట్టి ఉంచే గోడలు అంత తేలికగా విడవవు. టమాటా పడిన తరువాత ఉల్లిపాయ పరిస్థితీ అంతే. ఇప్పుడు పూర్తిగా మెత్తబడని ఉల్లిపాయ అయిదు గంటల తరువాత కూడా పీలికలుగానే కనిపిస్తుంది. పైగా, సాసుకు చివర్లో వచ్చే తీపి చాలావరకు ఈ ఉల్లిపాయదే.

ఉల్లిపాయ సిద్ధమయ్యాక వైను పోసి, మంట కాస్త పెంచి, ఘాటైన ఆవిరి పోయి నూనె మళ్ళీ కనిపించేదాకా ఇగరనివ్వండి. తరువాత పేస్టులో మూడోవంతు వేసి కలపండి. మూడు నాలుగు నిమిషాలలో దాని ఎరుపు ఇటుక రంగులోకి మారుతుంది, పచ్చివాసన పోతుంది, నూనె నారింజ రంగులో విడుతుంది. అప్పుడు రెండో భాగం, అదీ అలాగే వేగిన తరువాత మూడో భాగం వేయండి. అంతా ఒకేసారి వేస్తే అడుగుది మాడుతుంది, పైది పచ్చిగా ఉంటుంది. నేపుల్స్ రగూకు ఉండే ముదురు రంగు ఇక్కడే పుడుతుంది. ఎంత ఎక్కువసేపు ఉడికించినా పచ్చి పేస్టు ఆ రంగు ఇవ్వదు.

ఇక పస్సాతా, నీళ్ళు పోసి, గిన్నె అడుగంతా ఒకసారి గీకి కలపండి. బేసిల్ కాడలు వేసి, ఆకులను చివరకు దాచుకోండి. మాంసం ముక్కలను, నల్లిని, పళ్ళెంలోని రసంతో సహా గుజ్జులో మునిగేలా సర్దండి. ఉప్పు ఇప్పుడు వేయకండి. సాసు పరిమాణం మూడోవంతుకు పైగా తగ్గుతుంది కాబట్టి ఇప్పుడు సరిపోయిన ఉప్పు చివరికి కషమవుతుంది.

మధ్యస్థమైన మంట మీద మొదటి బుడగలు కనిపించేదాకా ఉంచి, వెంటనే చిన్న పొయ్యి మీదికి మార్చి, సెగను అట్టడుగుకు తగ్గించండి. మూత పూర్తిగా పెట్టకూడదు, పూర్తిగా తీయకూడదు. నేపుల్స్ గృహిణులు గిన్నె అంచు మీద చెక్క గరిటెను అడ్డంగా పెట్టి, దాని మీద మూతను ఓరగా ఆనిస్తారు; ఆ సందులోంచి ఆవిరి పోతూ ఉంటుంది, సాసు తుళ్ళి గోడలు ఖరాబు కాకుండా మూత కాపాడుతుంది. ఇప్పుడు చెవి పెట్టి వినండి. రెండు మూడు సెకన్లకు ఒక బుడగ పగిలితే సెగ సరిగ్గా ఉన్నట్టు. బుడగలు వరుసగా, ఆగకుండా వస్తుంటే గిన్నె కింద పెనం పెట్టండి, అప్పటికీ తగ్గకపోతే గిన్నెను పొయ్యి మధ్య నుంచి కొంచెం పక్కకు జరపండి. అసలు బుడగలే రాకపోతే మాత్రం సెగ పెంచాలి. గోరువెచ్చగా గంటల తరబడి ఉంచడం మాంసానికి మంచిది కాదు, ఆరోగ్యానికీ మంచిది కాదు.

ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి గరిటెను అడుగు దాకా దించి, ముక్కలు విరగకుండా కలపండి. గంటకోసారి ముక్కలను తిరగవేయండి. గుజ్జు మరీ చిక్కబడి గరిటె బరువెక్కితే అర గ్లాసు వేడినీళ్ళు పోయండి. చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోయి మళ్ళీ అందుకోవడానికి పావుగంట పడుతుంది.

రెండో గంట దగ్గర చాలామంది కంగారుపడతారు. అప్పుడు ముక్కను గుచ్చి చూస్తే మొదటికన్నా గట్టిగా, రబ్బరులా ఉంటుంది. ఎక్కువ ఉడికించి పాడుచేశామేమోననుకుని అక్కడే దించేస్తారు. నిజానికి అది ఇంకా ఉడకని మాంసం. కండ నీరు వదిలి బిగుసుకుంది, కొల్లాజెన్ మాత్రం ఇంకా కరగలేదు. మరో గంట ఆగండి. మూడు, మూడున్నర గంటలకు ఫోర్కు గుచ్చి కొద్దిగా తిప్పితే పోగులు తమంతట తామే విడాలి, కానీ ముక్క ఆకారం నిలవాలి. వంట థర్మామీటరు ఉన్నవారికి ముక్క మధ్యలో 92 నుంచి 95 డిగ్రీలు కనిపిస్తుంది. బర్రె మాంసమైతే అయిదు గంటలు పట్టినా ఆశ్చర్యపోకండి.

మెత్తబడిన ముక్కలను, అన్నీ ఒకేసారి కాకపోయినా, ఏది సిద్ధమైతే దాన్ని జాగ్రత్తగా తీసి, రెండు గరిటెల సాసు పైన పోసి, మూతపెట్టి ఉంచండి. సాసు ఒక్కటే ఇంకో గంట, ఓపిక ఉంటే రెండు గంటలు ఉడకాలి. మాంసం కోసం వండేవారు ఇక్కడితో పొయ్యి ఆపేస్తారు, రగూ కోసం వండేవారు కొనసాగిస్తారు. అది సిద్ధమైందనడానికి గుర్తులు మన ఇగురు కూరలకు ఉండేవే: నూనె పైకి తేలి చిన్న చిన్న మడుగులుగా నిలుస్తుంది, గరిటెతో అడుగున గీత గీస్తే ఒక క్షణంపాటు ఆ గీత పూడకుండా ఉంటుంది, రంగు పచ్చి టమాటా ఎరుపు నుంచి ముదురు గోధుమ కలిసిన ఎరుపుకు దిగుతుంది. నల్లిలోని మూలుగను తట్టి సాసులో కలపండి. ఇప్పుడు ఉప్పు చూసి వేయండి, బేసిల్ ఆకులు చేత్తో తుంచి వేయండి, పొయ్యి ఆపి అరగంట కదపకండి.

ఎక్కడ తేడా వస్తుంది

అడుగంటిన వాసన వస్తే ఆ అడుగును గీకకండి. పైభాగాన్ని మాత్రం మరో గిన్నెలోకి వంచుకుని కొనసాగిస్తే చాలావరకు కాపాడుకోవచ్చు. గీకితే మాడు రుచి మొత్తానికి పడుతుంది. పులుపు మిగిలిపోతే చక్కెర డబ్బా అందుకోవడానికి ముందు ఇంకో అరగంట ఉడికించి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది. అప్పటికీ పులుపు తగ్గకపోతే అర చెంచా చక్కెర, అంతకు మించకుండా, వేయవచ్చు. నూనె మరీ ఎక్కువగా తేలితే కొంత తీసి దాచుకోండి. మర్నాడు గుడ్డు పొరటుకు అంతకన్నా మంచి నూనె ఉండదు.

ప్రెషర్ కుక్కరులో చేయకూడదా అని తప్పకుండా అడుగుతారు. కుక్కరులో వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది కాబట్టి మాంసం ముప్పావుగంటలో మెత్తబడుతుంది, ఆ మాట నిజమే. కానీ మూసిన కుక్కరులోంచి ఆవిరి పెద్దగా బయటకు పోదు కనుక సాసు ఇగరదు, చిక్కబడదు, రంగు మారదు; పైగా చిక్కటి టమాటా గుజ్జు కుక్కరు అడుగున తప్పకుండా అంటుకుంటుంది. గ్యాసు ఆదా చేయాలనుకునేవారికి, ముదురు మాంసం దొరికినవారికి ఒక మధ్యేమార్గం ఉంది. వేయించిన ముక్కలను రెండు గ్లాసుల నీళ్ళతో కుక్కరులో ముందుగా పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, సగం ఉడికేదాకా మాత్రం ఉడికించి, ఆ నీళ్ళతో సహా సాసులో వేసి, మిగిలిన రెండు గంటలు మామూలు గిన్నెలో తుకతుకలాడించండి. ఆ నీళ్ళు ఉన్నాయి కాబట్టి పైన చెప్పిన 400 మిల్లీలీటర్ల నీళ్ళు మానేయాలి. ఓవెన్ ఉన్నవారు 150 డిగ్రీల వద్ద మూత కొంచెం తీసి మూడున్నర గంటలు ఉంచితే పొయ్యి దగ్గర కాపలా తప్పుతుంది. విద్యుత్ స్లో కుక్కరు కూడా మాంసాన్ని చక్కగా మెత్తబరుస్తుంది, కానీ అందులోనూ నీరు ఇగరదు. నీళ్ళు పోయకుండా వండి, చివరి గంట మూత లేని గిన్నెలో పొయ్యి మీద ఇగరబెట్టుకోవాలి.

వడ్డన

నేపుల్స్‌లో దీనికి జోడీ జీతి అనే పొడవాటి గొట్టపు పాస్తా. దాన్ని చేత్తో మూడు నాలుగు ముక్కలుగా విరిచి ఉడికిస్తారు. విరిచినప్పుడు రాలే చిన్న పెళ్ళలు కూడా సాసును పట్టుకుంటాయి కాబట్టి వాటినీ పారేయరు. మనకు సులభంగా దొరికే పెన్నె, రిగాతోని కూడా గొట్టాలే కనుక బాగా పనిచేస్తాయి. ఆరుగురికి 500 గ్రాముల పాస్తా, అయిదు లీటర్ల నీళ్ళు, లీటరుకు పది గ్రాముల చొప్పున ఉప్పు లెక్క. ప్యాకెట్ మీద రాసిన సమయానికి ఒక నిమిషం ముందే పాస్తాను తీసి, వెడల్పాటి మూకుడులో నాలుగైదు గరిటెల వేడి సాసుతో, కొద్దిగా పాస్తా ఉడికిన నీళ్ళతో కలిపి ఒక నిమిషం పొయ్యి మీద తిప్పండి. తెల్లటి పాస్తా మీద సాసు కుమ్మరించి బల్ల మీద పెట్టే పద్ధతిని నేపుల్స్‌లో ఎవరూ మెచ్చరు. పైన తురిమిన పార్మెజాన్ చీజ్ చాలు.

మాంసాన్ని రెండో వడ్డనగా, కొంచెం సాసుతో, చేదు ఆకుకూర వేపుడు గాని, ఉడికించిన బంగాళాదుంప గాని పక్కన పెట్టి ఇవ్వండి. పళ్ళెంలో మిగిలిన సాసును రొట్టె ముక్కతో తుడుచుకుని తినడాన్ని ఇటలీలో ‘స్కర్పెత్తా’ అంటారు. పెద్దమనుషుల విందుల్లో చేయకూడదంటారు గాని ఇంట్లో అందరూ చేస్తారు. అన్నంలో కలుపుకుంటే ఎలా ఉంటుందని నన్ను అడిగినవారికి చెప్పేది ఒకటే: కారం, మసాలా లేని ఈ సాసు మన అన్నానికి చప్పగా అనిపిస్తుంది. రొట్టెతోనే తినండి.

మిగిలినదాన్ని వండిన రెండు గంటల లోపల వెడల్పాటి పాత్రలోకి మార్చి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. లోతైన గిన్నెతో అలాగే పెడితే మధ్యభాగం చాలాసేపు వెచ్చగానే ఉండి పాడయ్యే ప్రమాదం ఉంది. మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. చేపల పులుసులాగే ఇది కూడా మర్నాటికి రుచి పెరిగే వంట కాబట్టి అతిథులు వచ్చే రోజుకు ఒకరోజు ముందే వండి పెట్టుకోవడం తెలివైన పని. చల్లబడిన సాసు జెలటిన్ వల్ల ముద్దలా గడ్డకడుతుంది, అది మంచి గుర్తే. చిన్న డబ్బాలలో సర్ది ఫ్రీజరులో పెడితే మూడు నెలల దాకా రుచి చెడదు. తిరిగి వేడి చేసేటప్పుడు రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, సన్నని సెగ మీదే పెట్టి, మధ్యభాగం కూడా పొగలు కక్కేదాకా ఆగండి.